నాలుగు ఊళ్ల ఆఫీసుల్లో ఒకే ఆటోక్యాడ్: నెట్‌వర్క్ మీద ఎక్కించే పద్ధతి

"అన్నా, రాత్రి పెట్టి వెళ్లాం కదా, ఇంకా పదకొండు శాతమే చూపిస్తోంది. ఏటి చెయ్యమంటావు?"

ఉదయం ఎనిమిదిన్నరకు రాయగడ ఆఫీసు నుంచి వచ్చిన ఫోను ఇది. బరంపురం సర్వర్‌లో ఆటోక్యాడ్ (డ్రాయింగులు గీసే సాఫ్ట్‌వేర్) ఇన్‌స్టాలర్ పెట్టి, వీపీఎన్ (ఇంటర్నెట్ మీదుగా ఆఫీసులను కలిపే ప్రైవేటు దారి) మీదుగా రాయగడలోని ఏడు కంప్యూటర్లలో ఒకేసారి నడిపించి, పొద్దున్నే అన్నీ రెడీగా ఉంటాయని నిశ్చింతగా పడుకున్నాను. చివరికి ఏడింట్లో ఒక్కటి కూడా పూర్తి కాలేదు. ఆ రోజంతా రాయగడ వాళ్లు చేతులు కట్టుకుని కూర్చున్నారు, నేను తిట్లు తిన్నాను.

మాది రోడ్లు, చెరువులు, చిన్న భవనాల డిజైన్లు చేసే సంస్థ. హెడ్డాఫీసు ఒడిశాలోని బరంపురంలో, బ్రాంచీలు పర్లాకిమిడి, రాయగడ, జయపురంలో. మొత్తం 26 సీట్లు. నేను డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరాను, మెల్లగా అందరి కంప్యూటర్లూ నా మెడకు చుట్టుకున్నాయి. ఐటీ డిపార్ట్‌మెంటు అంటూ లేని ఇలాంటి ఆఫీసుల కోసమే ఇది రాస్తున్నాను. ఉదాహరణలన్నీ ఆటోక్యాడ్‌వే గానీ, నెట్‌వర్క్ మీద ఎక్కించే ఏ డిజైన్ సాఫ్ట్‌వేర్‌కైనా లెక్క దాదాపు ఇదే.

ముందు కాలిక్యులేటర్ తీయండి

ఇన్‌స్టాలర్ ఫోల్డరు 15 జీబీ ఉందనుకుందాం. మన బ్రాడ్‌బ్యాండ్ స్పీడు లెక్కేసేది బిట్లలో, ఫైలు సైజు చూపించేది బైట్లలో. కాబట్టి ఎనిమిదితో గుణించాలి. 120 గిగాబిట్లు. 20 ఎంబీపీఎస్ లైనులో అది 6,000 సెకన్లు, అంటే గంటా నలభై నిమిషాలు. ఇది ఒక్క కంప్యూటర్‌కే. ఏడు కంప్యూటర్లు ఎవరికి వారు లాగితే పదకొండు గంటల నలభై నిమిషాలు, అదీ లైను ఒక్క క్షణం కూడా తడబడకపోతే.

ఇంకో సంగతి. రాయగడలో 100 ఎంబీపీఎస్ లైను ఉందని మురిసిపోవద్దు. ఫైలు బయల్దేరేది బరంపురం నుంచి కాబట్టి లెక్కలోకి వచ్చేది బరంపురం అప్‌లోడు స్పీడు. చాలా ప్లాన్లలో డౌన్‌లోడు ఘనంగా చెప్పి అప్‌లోడు చిన్న అక్షరాల్లో రాస్తారు. పైగా విండోస్ ఫైల్ షేరింగ్ ప్రతి చిన్న ముక్కకీ అటూ ఇటూ మాట్లాడుకుంటూ నడుస్తుంది. ఒకే గదిలో అది తెలియదు గానీ, దూరపు లైను మీద నత్తనడకే. నేను తిన్న దెబ్బ అక్కడే.

అందుకని ఇప్పుడు మా పద్ధతి ఇది: సాఫ్ట్‌వేర్ ఒక్కో ఊరికి ఒక్కసారే వెళ్తుంది. అక్కడ ఒక కంప్యూటర్లో దిగుతుంది. మిగతావన్నీ ఆ ఊరి లోకల్ నెట్‌వర్క్ మీద దాని దగ్గర నుంచే తీసుకుంటాయి. సాఫ్ట్‌వేర్ సంగతిలో రోజువారీ ఇంటర్నెట్ మీద తిరగాల్సింది లైసెన్సు మాట ఒక్కటే.

కంప్యూటర్ల చిట్టా

ఎక్సెల్ షీటు తెరిచి ప్రతి కంప్యూటర్‌కీ ఒక వరస రాయండి: ఎవరు వాడతారు, విండోస్ ఏది, ర్యామ్ ఎంత, సీ డ్రైవులో ఖాళీ ఎంత, ఇప్పుడున్న క్యాడ్ వెర్షన్ ఏది. విసుగు పనే, కానీ తర్వాత వచ్చే తలనొప్పుల్లో సగం ఇక్కడే తేలిపోతాయి.

32 బిట్ విండోస్ ఉన్న పాత డబ్బాలను ముందే పక్కన పెట్టండి. ఆటోక్యాడ్ 2020 నుంచి 64 బిట్‌లో మాత్రమే వస్తోంది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది, కాబట్టి కొత్తగా కొనే వాటిలో 11 తీసుకోండి. అది కూడా ప్రో ఎడిషన్. హోమ్ ఎడిషన్‌ను డొమైన్‌లో (ఆఫీసు కంప్యూటర్లన్నిటినీ ఒక సర్వర్ కింద నడిపే ఏర్పాటులో) కలపలేం. షాపువాడు రెండు వేలు తగ్గుతుందని హోమ్ అంటగడితే ఆ రెండు వేలూ తర్వాత మీ ఆదివారాల్లోంచి పోతాయి.

చిట్టా రాసేటప్పుడే ఇంకొకటి కూడా చూడాలి. బయటికి చెప్పుకోం గానీ, మన చిన్న ఆఫీసుల్లో ఎప్పుడో ఎవరో వేసిన క్రాక్ కాపీలు ఉంటాయి. వాటిని అన్‌ఇన్‌స్టాల్ చేస్తే సరిపోదు. ఆ క్రాకులు విండోస్ హోస్ట్స్ ఫైలులో (ఏ పేరు ఏ అడ్రసుకు వెళ్లాలో రాసి ఉండే ఫైలు) ఆటోక్యాడ్ తయారుచేసే ఆటోడెస్క్ కంపెనీ సర్వర్ల పేర్లు రాసి, వాటి దగ్గరికి వెళ్లకుండా అడ్డం పెట్టి ఉంటాయి. కొత్తది డబ్బు కట్టి తెచ్చి ఎక్కించినా సైన్ ఇన్ కాదు. మాకు జయపురంలో ఒక కంప్యూటర్ ఇలాగే సగం రోజు తినేసింది. ఆ ఫైలు తెరిచి ఆ వరసలు తీసేయండి. వీలైతే విండోస్‌నే కొత్తగా వేసేయండి, నా ఓటు దానికే.

లైసెన్సు ఏ రకం?

శాశ్వత లైసెన్సుల అమ్మకాన్ని ఆటోడెస్క్ 2016లోనే ఆపేసింది. నెట్‌వర్క్‌లో పంచుకునే మల్టీ యూజర్ సబ్‌స్క్రిప్షన్ల నుంచి 2020 ఆగస్టులో మనుషుల పేరు మీద ఇచ్చే పద్ధతికి మళ్లింది. ఇప్పుడు కొత్తగా కొంటే మీకు వచ్చేది ఈ నేమ్డ్ యూజర్ పద్ధతే. ఒక మనిషి, ఒక ఈమెయిలు, ఒక సీటు. ఆ మనిషి మూడు కంప్యూటర్ల దాకా ఎక్కించుకోవచ్చు, కానీ ఒకసారి ఒక్కదాంట్లోనే వాడాలి.

కాబట్టి లైసెన్సులను పంచిపెట్టే సర్వర్ గొడవ చాలామందికి ఇప్పుడు లేదు. దాని బదులు ఈమెయిళ్ల గొడవ వచ్చింది. డ్రాఫ్ట్స్‌మన్ల సొంత జీమెయిళ్లకు సీట్లు కేటాయించకండి. మనిషి మానేసి వెళ్లాక ఆ ఓటీపీ ఎవరి ఫోనుకు వస్తుందో వెతుక్కోవాల్సి వస్తుంది. సంస్థ సొంత వెబ్ పేరు మీద మెయిళ్లు తయారుచేసి వాటికే ఇవ్వండి. అకౌంటులో యూజర్లను ఊరి పేరుతో గ్రూపులుగా పెట్టుకుంటే ఎవరికి ఇచ్చామో ఒక్క చూపులో కనిపిస్తుంది.

పాత నెట్‌వర్క్ లైసెన్సు ఇంకా చేతిలో ఉన్నవాళ్లకు నాలుగు ముక్కలు. లైసెన్సు ఫైలు ఆ సర్వర్ మ్యాక్ అడ్రసుకు (నెట్‌వర్క్ కార్డు గుర్తింపు నంబరుకు) కట్టి ఉంటుంది, కాబట్టి నెట్‌వర్క్ కార్డు మారిస్తే ఫైలు పనిచేయదు. ఫైర్‌వాల్‌లో 2080, ఇంకా 27000 నుంచి 27009 దాకా పోర్టులు తెరవాలి. అయితే వీపీఎన్ లోపలే తెరవండి, బయటి ఇంటర్నెట్‌కు ఎప్పుడూ తెరవకండి. చాలా ఇంటర్నెట్ కంపెనీలు ఒకే పబ్లిక్ ఐపీని వందలమందికి పంచుతాయి. అలాంటి లైను వెనక కూర్చున్న సర్వర్‌ను బయటి నుంచి నేరుగా అందుకోలేం. హెడ్డాఫీసుకు మాత్రం స్టాటిక్ ఐపీ (ఎప్పుడూ మారని సొంత అడ్రసు) తీసుకోండి.

ప్రతి ఊళ్లో ఒక గోదాము

ఒక్కో ఆఫీసులో ఒక కంప్యూటర్‌ని గోదాముగా ఎంచుకోండి. సర్వరే కానక్కర్లేదు, 500 జీబీ ఎస్ఎస్‌డీ ఉన్న మామూలు డెస్క్‌టాప్ చాలు. సర్వర్ ఎడిషన్ కాని విండోస్‌కు ఒకేసారి 20 కనెక్షన్ల పరిమితి ఉంటుంది, ఏడెనిమిది మంది ఉన్న బ్రాంచీకి అది అడ్డు కాదు. యూపీఎస్ మాత్రం తప్పనిసరి.

అందులో ఒక ఫోల్డరు షేర్ చేసి, అందరికీ చదివే హక్కు, మీకొక్కరికే రాసే హక్కు పెట్టండి. పాస్‌వర్డు లేకుండా ఎవరైనా తెరిచేలా షేర్ చేసే పాత అలవాటు ఇక కుదరదు. విండోస్ 11లో 24హెచ్2 అనే అప్‌డేట్ నుంచి ప్రో ఎడిషన్ కూడా అలాంటి గెస్ట్ షేర్లను తెరవనివ్వదు. క్యాడ్ రీడర్ అనో ఇంకేదో ఒక యూజర్‌ను తయారుచేసి దానికి పాస్‌వర్డు ఇవ్వండి.

ఇక్కడ ఒక చిక్కుముడి ఉంది, దాన్ని కాస్త నిదానంగా చూడండి. డిప్లాయ్‌మెంటు (చాలా కంప్యూటర్లలో ఎక్కించడానికి ముందే సిద్ధం చేసుకునే ఇన్‌స్టాలర్ మూట) తయారుచేసేటప్పుడు అది ఏ దారిలో ఉంటుందో అడుగుతారు. ఆ దారి డిప్లాయ్‌మెంటు ఫైళ్ల లోపల అచ్చుపడిపోతుంది. బరంపురం సర్వర్ పేరుతో తయారుచేసి ఆ ఫోల్డర్‌ని రాయగడకు కాపీ చేస్తే, రాయగడ కంప్యూటర్లు పక్కనే ఉన్న కాపీని వదిలేసి మళ్లీ బరంపురం వైపే పరిగెత్తవచ్చు. బరంపురం నుంచి విజయనగరం దాకా దిగి మళ్లీ పైకెక్కే రాయగడ రైలు ప్రయాణం లాంటిదన్నమాట.

డొమైన్ ఉంటే విండోస్ సర్వర్‌లోని డీఎఫ్ఎస్ నేమ్‌స్పేస్ (వేర్వేరు చోట్ల ఉన్న షేర్లను ఒకే పేరుతో చూపించే సదుపాయం) వాడండి. దారి అందరికీ ఒకే పేరుతో ఉంటుంది, ఏ ఊరివాళ్లకు ఆ ఊరి గోదామే తెరుచుకుంటుంది. మాలాగా డొమైన్ లేని వర్క్‌గ్రూపు (ఏ కంప్యూటర్‌కి ఆ కంప్యూటరే యజమాని) ఆఫీసులైతే ఒక చిట్కా ఉంది. నాలుగు ఊళ్లలోనూ గోదాము కంప్యూటర్‌కి, షేర్ ఫోల్డర్‌కి అచ్చం ఒకే పేరు పెట్టండి. ఎవరి లోకల్ నెట్‌వర్క్‌లో వాళ్లది కాబట్టి పేర్లు కొట్టుకోవు. ఊళ్ల మధ్య కాపీ చేసేటప్పుడు మాత్రం పేరు బదులు ఐపీ అడ్రసు ఇవ్వండి. డొమైన్‌లో ఈ చిట్కా పనికిరాదు, అక్కడ ఒక పేరు ఒక కంప్యూటర్‌కే.

దారి ఎప్పుడూ రెండు వెనుక గీతలతో మొదలై సర్వర్ పేరుతో సాగే పూర్తి రూపంలోనే ఇవ్వాలి. జెడ్ డ్రైవు, వై డ్రైవు అని మ్యాప్ చేసుకున్నవి ఇవ్వొద్దు. అడ్మినిస్ట్రేటర్‌గా నడిపించినప్పుడు మామూలు యూజర్ మ్యాప్ చేసిన డ్రైవులు విండోస్‌కు కనిపించవు. "నా కంటికి కనిపిస్తోంది కదా, దానికెందుకు కనిపించదు?" అని పర్లాకిమిడి డ్రాఫ్ట్స్‌మన్ నాతో అరగంట వాదించాడు. కారణం ఇదే.

డిప్లాయ్‌మెంటు తయారీ

అడ్మిన్‌గా ఆటోడెస్క్ అకౌంటులోకి వెళ్లి కస్టమ్ ఇన్‌స్టాల్ విభాగం తెరవండి. సాఫ్ట్‌వేర్, వెర్షన్, భాష ఎంచుకున్నాక చివర్లో ఇన్‌స్టాల్ కావాలా, డిప్లాయ్ కావాలా అంటుంది. డిప్లాయ్ ఎంచుకోండి. గోదాము దారి ఇవ్వండి. తెర మీద ప్రశ్నలేవీ అడగకుండా నడిచే సైలెంట్ పద్ధతి పెట్టండి. ఆ వెర్షన్‌కి వచ్చిన అప్‌డేట్లు కూడా ఇందులోనే చేర్చేస్తే తర్వాత ఒక్కొక్కరి దగ్గరా అప్‌డేట్ పాపప్‌ల బాధ ఉండదు.

ఏ వెర్షన్ అంటే, అందరికీ ఒకటే. డ్రాయింగ్ ఫైలు ఫార్మాటు 2018 వెర్షన్‌లో మారింది. 2018 నుంచి 2025 దాకా అదే ఫార్మాటు కాబట్టి, ఒకరిద్దరు వెనకబడినా ఫైళ్లు తెరుచుకుంటాయి. కానీ లిస్ప్ ఫైళ్లు (ఆటోక్యాడ్ కోసం రాసుకునే చిన్న ప్రోగ్రాములు), ప్లగిన్లు అంత మంచివి కావు. సరికొత్తది వచ్చిన నెలలోనే ఎగబడకండి. నేనైతే మొదటి అప్‌డేట్ వచ్చేదాకా ఆగుతాను.

ఇవన్నీ ఎంచుకున్నాక కస్టమ్ ఇన్‌స్టాల్ పేజీ ఒక చిన్న డౌన్‌లోడర్ ఇస్తుంది. దాన్ని నడిపిస్తే అసలు సరుకంతా దిగి గోదాములో చేరుతుంది. అక్కడ ఇమేజ్ ఫోల్డరూ, నడిపించడానికి ఒక బ్యాచ్ ఫైలూ (కమాండ్లు వరసగా రాసి ఉన్న ఫైలు) ఉంటాయి. ఇన్‌స్టాల్ కమాండు చేత్తో టైపు చేసే సాహసం చేయకండి. బ్యాచ్ ఫైలులో ఉన్నదాన్నే కాపీ చేసుకోండి.

మొదటి పరీక్ష మీ మంచి కంప్యూటర్ మీద వద్దు, చిట్టాలో అందరికంటే బక్కచిక్కిన దాని మీద చేయండి. అక్కడ ఎక్కితే అన్నిచోట్లా ఎక్కుతుంది.

బ్రాంచీలకు చేరవేయడం

నేను ఎక్కువగా వాడే నెట్‌వర్క్, రాయగడ వెళ్లే సైట్ ఇంజినీర్ బ్యాగు. నవ్వకండి. 15 జీబీ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులో నిమిషాల్లో ఎక్కుతుంది, పొద్దున బయల్దేరిన మనిషి సాయంత్రానికి చేరతాడు. లైను బాగున్న ఊరికి మాత్రం రాత్రిపూట రోబోకాపీ అనే కాపీ కమాండుతో పంపుతాను. విండోస్‌లో అది ముందే ఉంటుంది. స్లాష్ జెడ్ పెడితే లైను తెగినా ఆగినచోటు నుంచి మళ్లీ మొదలవుతుంది. స్లాష్ ఐపీజీ పెడితే లైను మొత్తం తినేయకుండా మధ్యమధ్యలో ఊపిరి తీసుకుంటుంది. స్లాష్ ఎంఐఆర్‌తో మాత్రం జాగ్రత్త. అటువైపు ఫోల్డర్‌ని అచ్చం ఇటులాగే చేస్తుంది, అంటే ఇక్కడ లేనివి అక్కడ ఉంటే తుడిచేస్తుంది. ఒకసారి గమ్యం తప్పు రాసి ఒక బ్రాంచీ స్కాన్లన్నీ పోగొట్టాను. బ్యాకప్ ఉంది కాబట్టి ఉద్యోగం మిగిలింది.

చేరాక సరిచూడాలి. కరెంటు పోయి మధ్యలో ఆగిన కాపీ కూడా పైకి పూర్తిగానే కనిపిస్తుంది. విండోస్‌లోనే ఉండే సర్ట్‌యుటిల్ కమాండుతో పెద్ద ఫైళ్లకు ఎస్‌హెచ్ఏ 256 గుర్తు (ఫైలు వేలిముద్ర లాంటిది) తీసి, ఇక్కడి గుర్తుతో పోల్చండి. ఒక్క అక్షరం తేడా ఉన్నా ఆ ఫైలు మళ్లీ పంపండి.

ఎక్కించడం

వర్క్‌గ్రూపు అయితే ప్రతి కంప్యూటర్ దగ్గరా బ్యాచ్ ఫైలుని అడ్మినిస్ట్రేటర్‌గా నడిపించాలి. రిమోట్‌గా మీరే చేయవచ్చు, లేదా అక్కడి మనిషికి అప్పగించవచ్చు. అప్పగిస్తే ఒక పేజీ కాగితం రాసివ్వండి. ఆ కాగితం మాట్లాడే తెలుగులో ఉండాలి. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు పర్లాకిమిడి. అక్కడికే నేను మొదట "స్థాపన ప్రక్రియను ప్రారంభించుము" అని రాసి పంపాను, సిగ్గులేకుండా! ఇప్పుడు ఇలా రాస్తున్నాను: కంప్యూటర్ ఒకసారి రీస్టార్ట్ చెయ్యి. క్యాడ్ తెరిచి ఉంటే మూసెయ్యి. బ్యాచ్ ఫైలు మీద రైట్ క్లిక్ కొట్టి రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ నొక్కు. తెర మీద ఏమీ కనిపించకపోయినా కంగారు పడకు, అది నడుస్తూనే ఉంటుంది. ఆపెయ్యకు.

ఆ చివరి రెండు మాటలు చాలా ముఖ్యం. సైలెంట్‌గా నడిచేదాన్ని చూసి "ఏమీ కావట్లేదు" అనుకుని పవర్ బటన్ నొక్కినవాళ్లున్నారు.

డొమైన్ ఉన్నవాళ్లు గ్రూప్ పాలసీలో (అన్ని కంప్యూటర్లకూ ఒకేచోట నుంచి ఆదేశాలిచ్చే సదుపాయం) కంప్యూటర్ ఆన్ కాగానే నడిచే స్టార్టప్ స్క్రిప్టుగా పెట్టుకోవచ్చు. అప్పుడు నడిపేది యూజర్ కాదు, కంప్యూటరే. కాబట్టి షేర్ మీద డొమైన్ కంప్యూటర్ల గ్రూపుకు చదివే హక్కు ఇవ్వాలి. అది మర్చిపోతే స్క్రిప్టు నిశ్శబ్దంగా ఓడిపోతుంది, లాగ్ చూస్తే తప్ప తెలియదు. ఎలా చేసినా ఒకేసారి రెండు మూడు కంప్యూటర్లకు మించి మొదలుపెట్టకండి.

అసలు గొడవ: ఫాంట్లు, టెంప్లేట్లు, ప్లాటర్

సాఫ్ట్‌వేర్ ఎక్కిందని చేతులు దులుపుకుంటే మర్నాడే ఫోన్లు మొదలవుతాయి. బరంపురంలో గీసిన షీటు రాయగడలో తెరిస్తే అక్షరాల చోట ప్రశ్నార్థకాలు. జయపురంలో ప్రింటు తీస్తే గీతలన్నీ ఒకే మందం. ఈ రెండూ సాఫ్ట్‌వేర్ తప్పులు కావు. మొదటిదానికి ఎస్‌హెచ్ఎక్స్ ఫాంటు (ఆటోక్యాడ్ సొంత రకం ఫాంటు) లేదు, రెండోదానికి సీటీబీ ఫైలు (ఏ రంగు గీత ఎంత మందంలో ప్రింటవ్వాలో చెప్పేది) లేదు.

మేము "క్యాడ్‌కిట్" అని ఒక ఫోల్డరు చేసుకున్నాం. అందులో ఎస్‌హెచ్ఎక్స్ ఫాంట్లు, డీడబ్ల్యూటీ టెంప్లేట్లు, సీటీబీ, ప్లాటర్ల (పెద్ద షీట్ల ప్రింటర్ల) సెట్టింగులుండే పీసీ3 ఫైళ్లు, లిస్ప్ ఫైళ్లు, షార్ట్‌కట్ల పీజీపీ ఫైలు ఉంటాయి. దీన్ని మొదట గోదాము షేర్‌లో పెట్టి, అందరి సపోర్ట్ ఫైల్ సెర్చ్ పాత్‌లో (ఆటోక్యాడ్ తనకు కావాల్సిన ఫైళ్లు వెతికే దారుల జాబితా) ఆ దారి ఇచ్చాను. చూడ్డానికి ముచ్చటగా ఉంది, ఒకచోట మారిస్తే అందరికీ మారుతుంది. కానీ గోదాము కంప్యూటర్ ఆఫ్‌లో ఉన్న రోజు ఆటోక్యాడ్ తెరుచుకోవడానికి నిమిషాలు పట్టేది, లేని దారి కోసం వెతుకుతూ. అందుకని ఇప్పుడు కిట్ ప్రతి కంప్యూటర్ సీ డ్రైవులోనే ఉంటుంది. రోజూ లాగిన్ అయినప్పుడు చిన్న రోబోకాపీ స్క్రిప్టు గోదాము నుంచి కొత్తవి తెచ్చుకుంటుంది. గోదాము దొరక్కపోతే నిన్నటి కిట్‌తో పని నడిచిపోతుంది.

ఆ ఫోల్డర్‌ని ట్రస్టెడ్ లొకేషన్లలో చేర్చండి, లేకపోతే ప్రతి లిస్ప్ ఫైలుకీ "నమ్మాలా వద్దా" అని అడుగుతుంది. ఈ సెట్టింగులన్నీ ఒక ప్రొఫైల్‌గా చేసి ఏఆర్‌జీ ఫైలుగా ఎగుమతి చేసుకుంటే, మిగతా కంప్యూటర్లలో దిగుమతి చేయడమే.

ఇక మన సరిహద్దు ఊళ్ల ప్రత్యేక కష్టం. టైటిల్ బ్లాకులో ఊరి పేరు ఒకరికి ఒడియాలో కావాలి, ఇంకొకరికి తెలుగులో కావాలి. పాత షీట్లలో తెలుగు అను ఫాంట్లలో, ఒడియా ఆకృతి ఫాంట్లలో ఉంటుంది. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే రోమన్ అక్షరాల కలగూరగంప కనిపిస్తుంది. ప్లాటింగుకు పంపిన షీటు మీద "పాత్రపురం" బదులు అలాంటి చెత్త పడి, కాగితం రోలు సగం దండగయింది. కొత్త షీట్లన్నిటికీ యూనికోడ్‌కు (ఫాంటు మారినా అక్షరం మారని పద్ధతికి) మారాం. విండోస్‌తో వచ్చే నిర్మలా యూఐ ఫాంటులో తెలుగూ ఉంది, ఒడియా కూడా ఉంది, కాబట్టి విడిగా ఏదీ ఎక్కించక్కర్లేదు. వేరే ఫాంటు తప్పదనుకుంటే దాని మీద రైట్ క్లిక్ కొట్టి "ఇన్‌స్టాల్ ఫర్ ఆల్ యూజర్స్" అనేదే ఎంచుకోండి. ఊరికే ఇన్‌స్టాల్ అంటే అది ఆ ఒక్క యూజర్‌కే పరిమితమవుతుంది. పాత షీట్లు బయటికి పంపాల్సి వస్తే పీడీఎఫ్ చేసి పంపడమే మేలు.

డ్రాయింగ్ ఫైళ్లను మాత్రం వేరే ఊరి సర్వర్ నుంచి నేరుగా తెరవకండి. కాపీ తెచ్చుకుని, పని చేసి, తిరిగి పంపండి. ఎవరి దగ్గర ఏ షీటు ఉందో వాట్సాప్ గ్రూపులో ఒక ముక్క రాస్తే చాలు.

నెట్ పోతే

2018 అక్టోబరులో తిత్లీ తుపాను పర్లాకిమిడి ఉన్న గజపతి జిల్లాను ఎలా ఊపేసిందో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. అలాంటప్పుడు కరెంటు వచ్చినా నెట్ వెంటనే రాదు. నేమ్డ్ యూజర్ లైసెన్సు 30 రోజులకు ఒకసారి ఇంటర్నెట్‌తో మాట్లాడితే చాలు, ఈలోపు ఆఫ్‌లైన్‌లో పనిచేస్తుంది. కానీ ఆ లెక్క చివరిసారి కనెక్ట్ అయిన రోజు నుంచి. సైటులో ఉండే ల్యాప్‌టాప్‌లు ఇరవై ఎనిమిదో రోజున ఉంటే తుపాను మూడో రోజుకే మొరాయిస్తాయి. అందుకని తుపాను హెచ్చరిక వినగానే నేను గ్రూపులో పెట్టే మొదటి మెసేజ్ ఇదే: "అందరూ ఒకసారి నెట్ ఆన్ చేసి క్యాడ్ తెరిచి మూసెయ్యండి." రెండోది, యూపీఎస్ బ్యాటరీలు చూసుకోమని.

పాత నెట్‌వర్క్ లైసెన్సు వాళ్లు అదే సమయంలో సర్వర్ నుంచి లైసెన్సును ల్యాప్‌టాప్‌లోకి అరువు తీసుకోవాలి. దానికి బారో అనే సదుపాయం ఉంది. లైను పోయాక తీసుకోవడం కుదరదు.

తర్వాత చూసుకోవాల్సినవి

కొత్త వెర్షన్ ఎక్కించాక పాతదాన్ని ఒక నెల ఉంచండి, పక్కపక్కన రెండూ నడుస్తాయి. గోదాములో పాత డిప్లాయ్‌మెంటు కూడా చెరపకండి. కంప్యూటర్ పాడై విండోస్ మళ్లీ వేసినప్పుడు అదే ఆదుకుంటుంది. ఎవరైనా మానేస్తే అదే సాయంత్రం అకౌంటులో వాళ్ల సీటు తీసి, చిట్టాలో ఆ వరస మార్చండి.

రాయగడకు ఈమధ్యే కొత్త వెర్షన్ పంపాను. డిస్కు బుధవారం మధ్యాహ్నం చేరింది. సాయంత్రం నాలుగింటికి మొదలుపెట్టి ఇద్దరిద్దరు చొప్పున ఎక్కించారు. ఏడుంపావుకు ఫోను వచ్చింది. "అన్నా, ఏడూ అయిపోనాయి. ప్లాటర్ ఒక్కటి చూడాల."

ప్లాటర్ పీసీ3 ఫైలులో పాత ఐపీ ఉంది. అది మార్చాక షీటు బయటికొచ్చింది.